డాక్టరక్క ఊదిన బుడగ

నేను చెప్పేదాంట్లో రూపాయికి ముప్పావలా అబద్ధమని మా ఆవిడ మెల్బోర్న్‌లో మేముండే పాయింట్ కుక్ పేటంతా చాటింపు వేసింది. అదీ అబద్ధమే, తొంభై పైసల దాకా ఉంటుంది. మిగిలిన పది పైసల నిజాన్నీ ఒక్క మనిషి కోసం విడిగా పెట్టుకున్నాను. ఆవిడ గురించి మాట్లాడేటప్పుడు నాకు కోతలు రావు. ఒక్కసారి ప్రయత్నించి చూశాను. ఆ సంగతీ చెబుతాను.

మొన్న మా అమ్మాయి స్కూలు క్యాంపుకి స్లీపింగ్ బ్యాగు వెతుకుతూ గ్యారేజీ అంతా తలకిందులు చేసి, పాత సామాన్ల వెనక నుంచి నారింజ రంగు బుడగ ఒకటి లాగింది. పెద్ద నీళ్ళలో ఈదేవాళ్ళు నడుముకి తాడుతో కట్టుకునే బుడగ అది. ఈదుతుంటే మన వెనకాలే తేలుతూ వస్తుంది. పడవలవాళ్ళకి అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది, అలిసిపోతే పట్టుకుని వేలాడొచ్చు. చాలాకాలం అయింది కదా, సగం గాలి పోయి, పళ్ళు లేని ముసలాడి బుగ్గలా లోపలికి పోయింది.

"డాడ్, కెన్ ఐ టేక్ దిస్? క్యాంప్‌లో లేక్ ఉంది" అంది.

ఆ మిగిలిన సగం గాలీ డాక్టరక్క ఊపిరి.

ఆవిడ మత్తు డాక్టరు. అమలాపురం అవతల ఎక్కడో గోదావరి పాయ పక్కన పుట్టి, నేను నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే ఈ దేశం వచ్చి, మెల్బోర్న్‌లో జనాన్ని నిద్రపుచ్చి లేపడమే పనిగా బతికి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఉన్నవాళ్ళకి, "మత్తు ఎక్కించడం వచ్చు, అది దిగేదాకా పక్కన కూర్చునే ఓపిక నాకు ఆస్పత్రిలోనే అయిపోయింది" అనేది. పొట్టి మనిషి. ఆముదం పెట్టి బిగించిన ముడి మీద పసుపు రంగు ఈత టోపీ లాగితే, నీళ్ళలో దూరానికి నిమ్మకాయ తేలుతున్నట్టుండేది. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ మొహం చూసేది కాదు, ఛాతీ చూసేది. మొదట్లో కుర్రాళ్ళు కంగారుపడి చొక్కా బొత్తాలు సర్దుకునేవారు. ఆవిడ చూసేది ఊపిరి. "నువ్వు అబద్ధం చెప్పేముందు సగం గాలి పీల్చి ఆపుతావయ్యా" అని నాతో పరిచయమైన రోజే అంది. నలభై ఏళ్ళ నా సాధనని అంత తేలిగ్గా పట్టేసినవాళ్ళు మరొకరు లేరు.

ప్రతి ఎండాకాలం మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతుంది. నవ్వుతున్న కుర్రాడు, కొత్త జాకెట్, వెనకాల ఏదో కొండ. కింద ఫలానా జిల్లా, ఫలానా యూనివర్సిటీ, నీళ్ళలో మునిగి అని రాసి ఉంటుంది. ఆవిడ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అలాంటి కుర్రాళ్ళని ఆస్పత్రికి తెచ్చినప్పుడల్లా, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్లో తెలుగులో చెప్పాల్సిన పని ఆవిడ మీద పడేది. ఆ డ్యూటీ ఆవిడది కాదు. కానీ ఆ భాష తెలిసిన మనిషి ఆ అంతస్తులో ఆవిడే. రిటైరయ్యాక ఆవిడ పెట్టుకున్న పని ఒకటే, ఆ ఫోన్ చెయ్యాల్సిన అవసరం రాకుండా చూడడం. వచ్చిన ప్రతి తెలుగు పిల్లా, పిల్లాడూ బ్యాంకు ఖాతా తెరిచాక తన దగ్గరికి రావాలనేది. ఆదివారం పొద్దున్న నాలుగైదు కార్లలో బయల్దేరి, గంటన్నర దూరంలో ఉన్న పెద్ద లేక్ దగ్గర దిగేవాళ్ళం.

మేం దాన్ని చెరువనేవాళ్ళం. ఆవిడకి ఒళ్ళు మండేది. "చెరువనకండి. ఆ మాట వినగానే మీకు భయం పోతుంది" అనేది. ఎప్పుడో ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన చెట్లు, ఎండి బూడిద రంగు తిరిగి, ఇప్పటికీ నీళ్ళ మధ్యలో అలాగే నిలబడి ఉంటాయి. పైకి కనిపించేవి కొన్ని. కనిపించనివి ఎన్నో ఎవరికీ తెలియదు. పైన నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. కాలు కిందికి వేలాడేస్తే చల్లదనం మడమ పట్టుకుంటుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఆవిడ పెట్టే ఇంటర్వ్యూ రెండు ప్రశ్నలు.

"ఈత వచ్చా?"

"వచ్చు ఆంటీ."

"ఎక్కడ నేర్చుకున్నావ్?"

"మా ఊళ్ళో బాయిల."

"ఇంకా రాలేదు. పక్కన నిలబడు."

బావి ఈతంటే ఆవిడకి అంత కోపం. మనవాళ్ళంతా ఆ ధీమాతోనే పోతారని ఆవిడ లెక్క. బావిలో ఎటు రెండు బారలేసినా గోడ ఉంటుంది. గట్టు మీద నుంచి దూకడమే బావి ఈతకి అందం. లోతు తెలుసు, రాళ్ళు తెలుసు, నీళ్ళ వేడి తెలుసు. ఆ నమ్మకాన్ని చెడ్డీతోపాటు సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి తెచ్చుకుంటాం, తెలియని నీళ్ళు కనపడగానే ముందు దూకుతాం, తర్వాత చూస్తాం. చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా పడితే మనిషి తన ప్రమేయం లేకుండానే నోరు తెరిచి గాలి పీలుస్తాడట. అప్పుడు నోటి ముందు గాలి ఉండదు. ఆవిడ ఇది వర్ణించేది కాదు. ఐసు నీళ్ళ సీసా తెచ్చి, చెప్పకుండా వీపు మీద పోసేది. కుర్రాడు హప్పని నోరు తెరవగానే, "ఇప్పుడు నీ తల నీళ్ళ కింద ఉంది" అని వెళ్ళిపోయేది.

అందుకని మా గుంపులో దూకడం లేదు. నడిచి దిగాలి. మెడ వెనక నీళ్ళు చల్లుకోవాలి. గొంతుదాకా మునిగి, ఊపిరి సద్దుమణిగేదాకా మాట్లాడకుండా కూర్చోవాలి. మీసాలు వచ్చిన మగవాళ్ళం వరసగా బర్రెల్లా నీళ్ళలో కూర్చుని ఉంటే, అటుగా పడవలో పోయే తెల్లవాళ్ళు ఇదేదో మా మతం అనుకుని గౌరవంగా ఇంజను శబ్దం తగ్గించేవారు. ఇది మాత్రం నిజం.

తర్వాత వెల్లకిలా తేలడం. భయపడ్డవాడి నడుము కిందికి దిగిపోతుంది, దానికి ఆవిడ కనిపెట్టిన మందు నేను. "కోతల మాస్టారూ, మొదలెట్టు" అనేది. నేను నడుంలోతు నీళ్ళలో నిలబడి కథ చెప్పాలి. వినేవాడు తన ఒంటి సంగతి మర్చిపోతాడు, మర్చిపోతే తేలతాడు. ఆస్పత్రిలో సూది గుచ్చేముందు తను చేసేది కూడా అదేనట. అక్కడ ఎదురుగా వాలిన పెలికాన్ కొంగకి చేపలు పట్టే స్కిల్డ్ కేటగిరీలో నాకన్నా ముందే ఇక్కడ ఉండిపోయే పీఆర్ వీసా వచ్చిన కథ చెప్పాను. మా తాత బర్రె కథైతే ఎన్నిసార్లు చెప్పానో. కరీంనగర్ దగ్గర మా ఊరి వాగు పొంగితే, ఆ బర్రె పెళ్ళివాళ్ళందర్నీ వీపు మీద ఎక్కించుకుని దాటించి, ఆఖరికి పురోహితుణ్ణి మాత్రం వెల్లకిలా ఈదుతూ పొట్ట మీద కూర్చోబెట్టుకుంది, మడి చెడకుండా. ఆవిడ ఒకరి తల కింద అరచెయ్యి పెట్టి పట్టుకుని, నవ్వకుండా, "తర్వాత?" అనేది. ఎప్పుడు చెయ్యి తీసిందో తేలేవాడికి తెలిసేది కాదు.

బుడగలన్నీ నోటితో తనే ఊదేది. మా ఆవిడ పంపు కొని తెస్తే దాన్ని కారు టైర్లకి వాడుకోమంది. ఒడ్డున కూర్చుని, ఒక్కో బుడగా ఊది, మూత బిగించి, వేలితో మీటి, ఫలానావాళ్ళదని పేరు పిలిచి ఇచ్చేది. అది కట్టుకున్నాక మా నడుముకి ఆవిడనే కట్టుకున్నట్టుండేది. మా ఆవిడ కయాక్, అదే ఒంటి మనిషి తెడ్డు పడవ, వేసుకుని మా పక్కనే వచ్చేది. పొరపాటున నేను మునిగితే ముందు ఎవర్ని కాపాడాలో అప్పుడు ఆలోచిస్తానని అందరి ముందూ చెప్పేది.

ఎంత ఈదినా ఆవిడ నోట వచ్చేది ఒకటే మాట. ఎండు చెట్టుదాకా పోయి వచ్చినా, "ఇంకా రాలేదు." నాకూ, మా ఆవిడకీ, చిన్నప్పుడే ఇక్కడి ఈతకొలనుల్లో పతకాలు తెచ్చుకున్న మా అమ్మాయికీ అదే. మేం ఆ మాటకి నవ్వుకుని, ఆవిడ ఫ్లాస్కులోంచి మిరియాల టీ తాగి ఇంటికొచ్చేవాళ్ళం. ఈత వచ్చని ఆవిడ ఎవరితోనూ అనలేదు.

ఒక్కడితో అంది.

వాడు మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు. చదువు అయిపోయి గిడ్డంగిలో పని చేస్తూ, మంచి ఉద్యోగం కోసం చూస్తుండేవాడు. మోటబావి పంపుషెడ్డు మీద నుంచి గాల్లో రెండు పల్టీలు కొట్టి దూకేవాడట. వచ్చిన మొదటి ఆదివారం మేం కారు దిగేలోపే చెక్క వంతెన చివరికి పరుగెత్తి పల్టీ కొట్టాడు. పైకి వచ్చేసరికి ఆవిడ బట్టలతోనే గొంతులోతు నీళ్ళలో నిలబడి ఉంది. జుట్టు పట్టుకుని ఒడ్డుకి తెచ్చింది.

"మీ బాయిలో చచ్చినవాడు కనీసం మీ ఊళ్ళో చస్తాడ్రా. నువ్వు ఇక్కడ చస్తే మీ అమ్మకి ఫోన్ చేసేది నేను. నాకు ఆ పని చెప్పకు."

వాడు నీళ్ళు కారుతూ, "సారీ ఆంటీ. మంచిగ కొట్టిన్నా పల్టీ?" అన్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి టోపీ సర్దుకుంది.

ఆ తర్వాత ఒక్క ఆదివారం మానలేదు వాడు. చలికాలంలో కూడా మెడ వెనక నీళ్ళు చల్లుకుని బర్రెల వరసలో కూర్చునేవాడు. దూకడం మానేశాడు. నా కథలన్నీ కంఠతా పట్టి, నేను తప్పు చెబితే దిద్దేవాడు. "అన్నా, పోయినసారి పురోహితుడు బక్కగుండె." బుడగలు ఊదుతానని ఆవిడని బతిమాలేవాడు. అప్పటికే ఆవిడ ఒక బుడగ ఊదడానికి మధ్యలో రెండుసార్లు ఆగేది. మేం వయసనుకున్నాం. ఆవిడకి మాత్రం తెలుసు. అందరి ఊపిరీ చూసే మనిషి తనది చూసుకోకుండా ఉంటుందా?

మరుసటి వేసవి మొదట్లో ఒక పొద్దున్న, ఎండు చెట్లు దాటాక ఒక్కసారిగా గాలి లేచింది. అలలు విరగడం మొదలెట్టాయి. విజయవాడ అమ్మాయి ఒకతి వెనకబడి, నోట్లోకి నీళ్ళు పోయి, చేతులు కొట్టుకోవడం మొదలెట్టింది. మా ఆవిడ కయాక్ గాలికి ఎటో పోతోంది. నేను ఒడ్డు దగ్గర ఉన్నాను. డాక్టరక్క నా పక్కనే నిలబడి, చేతులు రెండూ నోటి చుట్టూ పెట్టి అరవబోయింది. గొంతులోంచి శబ్దం రాలేదు.

వాడు వెనక్కి తిరిగాడు. బావి ఈతగాడైతే ఆ పిల్లని వాటేసుకునేవాడు, ఇద్దరూ పోయేవారు. వాడు కాస్త దూరంలో ఆగి, తన బుడగ ముందుకి తోసి, దాన్ని పట్టుకోమన్నాడు. పట్టుకున్నాక తల కింద అరచెయ్యి పెట్టి వెల్లకిలా తిప్పాడు. కయాక్ చేరేదాకా ఏదో చెబుతూనే ఉన్నాడు. తర్వాత ఆ అమ్మాయే చెప్పింది, బర్రె కథట. పురోహితుడి దాకా వచ్చిందట.

ఒడ్డుకి వచ్చాక డాక్టరక్క తన టీ కప్పు వాడి చేతికి ఇచ్చింది. చాలాసేపు వాడి ఛాతీ వైపు చూసింది. ఊపిరి నిమ్మళంగా ఆడుతోంది.

"నీకు ఈత వచ్చిందిరా" అంది.

వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి, నీళ్ళు పోయినయి, మళ్ళొకసారి చెప్పమన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పలేదు. దారి పొడుగునా మేం ఆ మాట గురించే మాట్లాడుకున్నాం. నాకైతే నిజంగానే కుళ్ళు పుట్టింది.

ఆ వేసవి ముదిరాక బాగా ఎండ కాసిన ఒక రోజు, వాడు తన ఇంట్లో ఉండే కుర్రాళ్ళతో కలిసి ఉత్తరాన ఒక జలపాతం చూడ్డానికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. అది మా లేక్ దగ్గర మా ఆవిడ తీసిన ఫొటోయే. పక్కన ఉన్న నన్ను కత్తిరించారు.

వాడి అమ్మకి ఫోన్ డాక్టరక్కే చేసింది. అప్పటికి రిటైరై ఎన్నో ఏళ్ళు. ఎవరూ అడగలేదు, తనే చేసింది.

ఊరికి పంపే ముందు ఒక హాల్లో పెట్టె ఉంచారు. అందరం వెళ్ళాం. ఆవిడ ఒక మూల కుర్చీలో కూర్చుంది. వాడితో జలపాతానికి వెళ్ళిన కుర్రాడొకడు, కళ్ళు వాచిపోయి, ఆవిడని గుర్తుపట్టి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వాడు మంచి కుర్రాడు. ఆవిడకి నాలుగు మంచి మాటలు చెప్పాలనుకున్నాడు, అంతే.

"మీరంటే మస్తు ఇష్టం ఆంటీ వానికి. రోజూ మీ ముచ్చటే. ఆ రోజు గూడ మేమంత భయపడ్డం, వద్దురా లోతుంటది అన్నం. వాడు నవ్విండు. 'నాకు ఈత వచ్చురా, డాక్టర్ ఆంటీయే చెప్పింది' అని బండ మీదికెళ్ళి దుంకిండు."

ఆవిడ ఆ కుర్రాడి తల నిమిరింది. "ఆయ్" అంది. నేను ఆవిడ ఛాతీ వైపు చూశాను. ఆవిడ దగ్గరే నేర్చుకున్న చూపు అది. అక్కడ ఏమీ కదలడం లేదు. కాసేపటికి మళ్ళీ కదిలింది.

తర్వాతి ఆదివారం ఆవిడ లేక్ దగ్గరికి వచ్చింది. మేం ఆశ పడ్డాం. ఒడ్డున చాప పరుచుకుని, ఒకే ఒక్క బుడగ తీసి, ఊదడం మొదలెట్టింది. మధ్యలో ఆగి ఆగి, పెదాలు నల్లబడి, చాలాసేపు పట్టింది. మేం వద్దనలేకపోయాం. మూత బిగించి, వేలితో మీటి, నా చేతిలో పెట్టింది. నీళ్ళలోకి దిగలేదు. కొత్తగా వచ్చిన పిల్ల ఒకతి, తనకి ఈత వచ్చునని చెబితే, అవునా అన్నట్టు తలాడించింది. "ఇంకా రాలేదు" అనలేదు. ఆ మాట అనే హక్కు తనకి పోయిందనుకుంది కాబోలు. ఆ తర్వాత ఆవిడ రాలేదు. ఊదేవాళ్ళు లేక బుడగలు పోయాయి, ఒకరొకరే తగ్గి గుంపూ పోయింది. ఆదివారాలు ఇప్పుడు గడ్డి కోసుకుంటున్నాం.

ఆవిడకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బట. ముక్కుకి గొట్టం పెట్టుకుని ఇంట్లోనే ఉండేది. చలికాలంలో ఒక సాయంత్రం నేనూ మా ఆవిడా పులిహోర పట్టుకెళ్ళాం. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే, డాక్టరక్క కళ్ళు మూసుకునే, "కోతల మాస్టారూ, మొదలెట్టు" అంది.

నేను బర్రెతో మొదలెట్టాను. చేత్తో ఆపింది.

"అది కాదు. ఆ రోజు ఒడ్డున నేను వాడితో ఏమన్నానో చెప్పు. నువ్వు పక్కనే ఉన్నావు కదా."

ఆవిడ ఏం అడుగుతోందో నాకు అర్థమైంది. జీవితంలో మొదటిసారి అబద్ధం చెప్పడానికి భయం వేసింది.

"ఇంక రాలే అన్నరు అక్కా."

"తర్వాత?"

"తర్వాత వాడు నవ్విండు. జలపాతం కాడికి పోయిండు. దోస్తులు దుంకుదాం పా అంటె, మా ఆంటీ కొడ్తది, నాకింక రాలే అన్నడు. ఒడ్డున కూసోని, మెడ మీద నీళ్ళు సల్లుకున్నడు."

"తర్వాత?"

ఆవిడ ఊపిరి నెమ్మదించింది. గొట్టంలో గాలి సన్నగా వినిపిస్తోంది. ఆవిడ తల కింద అరచెయ్యి పెట్టి తేలుస్తున్నట్టే అనిపించింది నాకు. ఇంకొంచెం చెబితే తేలుతుందనుకున్నాను. దారిలో బిర్యానీ తిన్నారన్నాను. కారులో వాడే పాటలు పెట్టాడన్నాను. ఇంటికొచ్చి వాళ్ళమ్మకి ఫోన్ చేశాడన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచింది. మొహం వైపు కాదు, నా ఛాతీ వైపు చూసింది.

"మీ తాత గేదె కథే నయమయ్యా. అది నమ్మబుద్ధేస్తుంది" అంది.

మా ఆవిడ పులిహోర పళ్ళెంలో పెట్టి తెచ్చింది. డాక్టరక్క రెండు మెతుకులు నోట్లో వేసుకుని ఉప్పు సరిపోయిందని చెప్పింది. ఆ చలికాలం దాటలేదు.

"డాడ్?" అంది మా అమ్మాయి.

నేను ఏమీ అనకపోవడంతో సరే అన్నాననుకుంది. మూత తిప్పింది. లోపలున్న కాస్త గాలీ సన్నగా బయటికి వచ్చింది, రబ్బరు వాసన తప్ప ఏమీ లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పూర్తిగా నొక్కి, పెదాలు ఆనించి ఊదింది. పదిహేనేళ్ళ ఊపిరి, మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. మూత బిగించి వేలితో మీటింది. అది ఎవరి దగ్గర చూసిందో తనకి గుర్తొచ్చినట్టు లేదు.

కారులో సామాను పెడుతూ అడిగింది. "యు నో ఐ కెన్ స్విమ్, రైట్? మమ్మీ ఊరికే వరీ అవుతోంది."

"ఇంకా రాలేదమ్మా" అన్నాను.

అప్పట్లో మేమంతా నవ్వినట్టే నవ్వింది. డిక్కీ తలుపు వేసింది. వెనక సీటు మీద నారింజ బుడగ, నిండా గాలితో, కూర్చున్న మనిషిలా కిటికీలోంచి కనిపిస్తోంది.